రన్నింగ్ బ్యాక్: ముప్ఫై రాకముందే ముగిసే ఉద్యోగం

2023లో న్యూయార్క్ జెయింట్స్ జట్టు తరఫున సేక్వాన్ బార్క్‌లీ 247 సార్లు బంతి అందుకుని పరుగెత్తి 962 గజాలు సంపాదించాడు. క్యారీకి, అంటే ఒక్కో పరుగుకి, సగటున 3.9 గజాలు. మరుసటేడు ఫిలడెల్ఫియా ఈగల్స్‌కి మారాడు. ఈసారి 345 క్యారీలు, 2,005 గజాలు, సగటు 5.8. మనిషి అతనే, 2020లో లిగమెంట్ తెగి కుట్టించుకున్న మోకాలూ అదే. వయసు మాత్రం ఓ ఏడాది పెరిగింది. అసలు తేడా అతని ముందు నిలబడి దారి చేసేవాళ్లలో ఉంది.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో రన్నింగ్ బ్యాక్, అంటే బంతి పట్టుకుని పరుగెత్తేవాడి, బతుకంతా ఈ ఒక్క తేడాలో కనిపిస్తుంది. అతను సంపాదించే గజాల్లో చాలా భాగం ఇతరుల చేతుల్లో ఉంటుంది. తినే దెబ్బలు మాత్రం పూర్తిగా అతనివే. ఆ దెబ్బలు తట్టుకునే వయసంతా అతను బేరమాడలేని కాంట్రాక్టు కింద గడిచిపోతుంది. చేతికి స్వేచ్ఛ వచ్చేసరికి, 'వయసైపోయింది' అని జట్లు లెక్కలు తీస్తాయి.

ఆట తెలియనివారి కోసం కొంచెం. పది గజాలు ముందుకు వెళ్లడానికి జట్టుకి నాలుగు అవకాశాలుంటాయి, వీటినే డౌన్‌లు అంటారు. నాలుగోదానికి సాధారణంగా బంతిని దూరంగా తన్నేసి అవతలివాళ్లకి ఇచ్చేస్తారు కాబట్టి చేతిలో ఉన్నవి నిజానికి మూడే. ఒక్కోదానికి మూడుంపావు గజాలకు పైగా రాకపోతే బండి కదలదు. ఈ జట్లన్నీ ఆడే లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో క్యారీకి సగటు నాలుగు గజాల పైచిలుకు. 3.9 అంటే మామూలు ఆటగాడు, 5.8 అంటే చరిత్రలో చోటు.

నాలుగు గజాలు ఎలా వస్తాయి

అన్ని జట్లూ ఆడే 'ఇన్‌సైడ్ జోన్' అనే ఎత్తుగడని దగ్గరగా చూద్దాం. లైన్ మధ్యలో ఉండే సెంటర్ బంతిని వెనక్కి అందించగానే, దారి చేసే ఐదుగురు లైన్‌మెన్ ఒకే వైపుకి, ఒకే అడుగుతో కదులుతారు. ఫలానా మనిషిని ఆపాలని ఉండదు, తన వాటాకి వచ్చిన చోటులో ఎవరుంటే వాళ్లని నెట్టాలి. చాలాసార్లు ఇద్దరు కలిసి ఎదుటి భారీ మనిషిని ఒకణ్ణి వెనక్కి తోస్తారు, తర్వాత ఇద్దరిలో ఒకరు విడిపోయి డిఫెన్స్ రెండో వరసలో ఉండే లైన్‌బ్యాకర్ మీదికి వెళతారు.

రన్నింగ్ బ్యాక్ ఈలోగా, బంతిని అందించే, విసిరే క్వార్టర్‌బ్యాక్ పక్కగా వస్తూ, అతనివైపున్న మోచేతిని పైకెత్తి, రెండో చేతిని పొట్ట కింద అడ్డంగా పెట్టి బంతికి గూడు చేస్తాడు. బంతి వైపు చూడడు, దాన్ని సరిగ్గా ఆ గూట్లో పెట్టడం క్వార్టర్‌బ్యాక్ పని. బ్యాక్ కళ్లు సెంటర్‌కి ఆవల, పరుగు వెళ్లే వైపున్న మొదటి డిఫెన్స్ లైన్‌మన్ మీద ఉంటాయి. అతణ్ణి బయటికి నెట్టేస్తే లోపలి సందులోంచి నేరుగా దూరాలి. అతనే లోపలికి దూరి అడ్డంపడితే వెలుపలికి మళ్లాలి. ముందంతా మూసుకుపోతే వెనకవైపు సందులోకి కోయాలి. వీటికి కోచ్‌లు పెట్టుకున్న పేర్లు వరసగా బ్యాంగ్, బౌన్స్, బెండ్. ఏది ఎంచుకున్నా దిశ మార్చడం ఒక్కసారే. రెండోసారి మళ్లాలని చూస్తే వెనకనుంచి తరుముతున్నవాడు అందుకుంటాడు.

ఇక్కడ జరిగే తప్పుల్లో ఎక్కువ భాగం వేగానివే. కాలేజీలో అందరికన్నా వేగంగా పరుగెత్తిన కుర్రాడు బంతి అందగానే పూర్తి వేగంతో లైన్‌లోకి దూకుతాడు. అప్పటికి ఇద్దరు లైన్‌మెన్ ఇంకా ఒకడి మీదే ఉంటారు, లైన్‌బ్యాకర్ ఖాళీగా ఉంటాడు. రెండు గజాల దగ్గర ఢీకొట్టి పడిపోతాడు. అర అడుగు ఆగి ఉంటే లైన్‌బ్యాకర్ ఏదో ఒక వైపు మొగ్గేవాడు, లైన్‌మన్ అతన్ని అందుకునేవాడు. మరీ ఆగినా ప్రమాదమే. పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌లో లీవియాన్ బెల్ దాదాపు నిలబడి చూసి పరుగెత్తేవాడు. ఆ ఓపిక ఫలించాలంటే ముందున్న లైన్ అంతసేపూ గోడలా నిలవాలి. 2019లో న్యూయార్క్ జెట్స్‌కి వెళ్లాక ఆ గోడ లేదు. 245 క్యారీలకి 789 గజాలు, సగటు 3.2.

ఈగల్స్‌లో బార్క్‌లీకి కలిసొచ్చింది కూడా ఇదే, పైగా మరొకటి తోడైంది. ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్ తనే బంతి పట్టుకుని పరుగెత్తగలడు. అందుకని వెనకవైపు అంచున ఉన్న డిఫెండర్ బంతి ఎవరి దగ్గరుందో తేలేదాకా కదలలేడు. ఎవరూ నెట్టకుండానే ఒక మనిషి లెక్కలోంచి తప్పుకున్నట్టే. ఆ ఏడాదే బాల్టిమోర్ రేవెన్స్‌లో అలాగే పరుగెత్తగల క్వార్టర్‌బ్యాక్ లమార్ జాక్సన్ పక్కన చేరిన డెరిక్ హెన్రీ, 30 ఏళ్ల వయసులో 1,921 గజాలు పరుగెత్తాడు. సగటు 5.9. అక్కడా సూత్రం ఇదే.

టీవీలో కనిపించని పని

కొత్త బ్యాక్‌ని బెంచి మీద కూర్చోబెట్టేది చాలాసార్లు పరుగు కాదు. క్వార్టర్‌బ్యాక్ పాస్ వేసేటప్పుడు అతణ్ణి కాపాడలేకపోవడం. మామూలుకన్నా ఎక్కువమంది మీదికి రావడాన్ని బ్లిట్జ్ అంటారు. ఐదుగురు లైన్‌మెన్ ఉన్నచోట ఆరోవాడు వస్తే, ఆ ఆరోవాడు బ్యాక్ లెక్క. చూపు లోపలినుంచి బయటికి జరగాలి. మధ్యలోంచి వచ్చేవాడు క్వార్టర్‌బ్యాక్‌కి అన్నిటికన్నా దగ్గరి దారిలో ఉంటాడు కాబట్టి ముందు అతని సంగతి, తర్వాతే అంచుల నుంచి వచ్చేవాళ్లు. మనిషి కనపడగానే అడుగు ముందుకేసి లైన్ దగ్గరే ఢీకొట్టాలి. క్వార్టర్‌బ్యాక్ పక్కనే నిలబడి ఎదురుచూస్తే, పది గజాల పరుగు ఊపుతో వచ్చే 110 కిలోల లైన్‌బ్యాకర్ బ్యాక్‌ని తోసుకుంటూ వెళ్లి క్వార్టర్‌బ్యాక్ మీదే పడతాడు. జట్టులో అందరికన్నా ఎక్కువ జీతం తీసుకునే మనిషి ఒక్క తప్పుడు చూపుతో ఆస్పత్రి పాలు కావచ్చు. కోచ్ ఆ సాహసం చేయడు.

బంతిని వదిలేయడం, అంటే ఫంబుల్, రెండో శత్రువు. దానికి మందు మాత్రం ఉంది. బంతి ముక్కు మీద వేళ్లు, అరచెయ్యి, ముంజేయి, దండచెయ్యి, ఛాతీ, ఈ ఐదు చోట్లా బంతి ఒత్తుకుని ఉండాలి. మణికట్టు మోచేతికన్నా పైన ఉండాలి. జెయింట్స్ ఆటగాడు టికీ బార్బర్ 2003లో 9 సార్లు ఫంబుల్ చేశాడు. 2004లో టామ్ కాఫ్లిన్ కోచ్‌గా వచ్చాక బంతిని ఛాతీకి ఎత్తుగా, గట్టిగా హత్తుకోవడం మొదటినుంచి నేర్పించారు. 2005లో అతను ఒక్కసారే వదిలేశాడు. ఇంత స్పష్టంగా సాధనతో నయమయ్యే లోపం ఈ ఆటలో ఇంకొకటి దొరకడం కష్టం.

ఏ బ్యాక్‌నైనా మార్చేయవచ్చనే నమ్మకం ఎక్కడ పుట్టింది

1998లో డెన్వర్ బ్రాంకోస్‌కి చెందిన టెరెల్ డేవిస్ 392 క్యారీలతో 2,008 గజాలు పరుగెత్తి లీగ్ ఎంవీపీ, అంటే ఆ ఏటి మేటి ఆటగాడు, అయ్యాడు. కాలేజీ ఆటగాళ్లని జట్లు వంతులవారీగా, రౌండ్లుగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో అతను ఆరో రౌండ్‌లో, 196వ ఆటగాడిగా ఎంపికైనవాడు. ఆ సీజన్ చివర జరిగే నాకౌట్ మ్యాచ్‌లు, ప్లేఆఫ్‌లు, కూడా కలిపితే 470 క్యారీలు. మరుసటేడు నాలుగో మ్యాచ్‌లోనే మోకాలు పోయింది. ఆ స్థానంలోకి వచ్చిన నాలుగో రౌండ్ కొత్త కుర్రాడు ఒలాండిస్ గ్యారీ 1,159 గజాలు పరుగెత్తాడు. 2000లో ఆరో రౌండ్ కొత్త కుర్రాడు మైక్ ఆండర్సన్ 1,487. 2002లో రెండో రౌండ్‌లో తీసుకున్న క్లింటన్ పోర్టిస్ 1,508. కోచ్ మైక్ షానహాన్ జోన్ పద్ధతి, చురుకైన లైన్, ఒక్కసారే మళ్లే బ్యాక్. మనుషులు మారుతున్నా గజాలు ఆగలేదు.

లీగ్‌లోని మేనేజర్లందరూ ఇది చూశారు. డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని ఏరియన్ ఫాస్టర్ 2010లో హ్యూస్టన్ తరఫున 1,616 గజాలతో లీగ్‌లోనే మొదటివాడయ్యాక ఆ అభిప్రాయం ఇంకా బలపడింది. 2013లో, 2014లో మొదటి రౌండ్‌లో ఒక్క రన్నింగ్ బ్యాక్‌ని కూడా ఎవరూ తీసుకోలేదు. మరోవైపు 1978 నుంచి నిబంధనలు పాస్ వైపు మొగ్గుతూ వచ్చాయి. బంతి అందుకునేవాణ్ణి డిఫెండర్ మోటుగా అడ్డుకోవడాన్ని కట్టడి చేసేకొద్దీ పాస్‌కి వచ్చే గజాలు పెరిగాయి, పరుగు విలువ తగ్గింది.

అయితే డెన్వర్ ఉదాహరణని జట్లు తమకి అనుకూలంగా సగమే చదివాయి. గ్యారీ, ఆండర్సన్ మంచి అంకెలు సాధించారు, కానీ బ్రాంకోస్‌కి లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌ని వరసగా రెండుసార్లు తెచ్చింది డేవిసే. వెయ్యి గజాలు చాలామంది ఇవ్వగలరు. ఒక్క సందు దొరికితే 70 గజాలు వెళ్లిపోయేవాళ్లు చాలా తక్కువ. 2024 నవంబర్ 24న లాస్ ఏంజెలెస్ రామ్స్ మీద బార్క్‌లీ 255 గజాలు పరుగెత్తినప్పుడు అందులో అవతలి చివరి గీత దాకా వెళ్లిన 70, 72 గజాల టచ్‌డౌన్లు రెండున్నాయి. వాటికి తలుపు తెరిచింది లైనే. చివరి యాభై గజాలు మాత్రం అతని సొంతం.

ఒంటి లెక్క

క్యారీల సంఖ్య 370 దాటితే మరుసటేడు బ్యాక్ కూలిపోతాడనే మాట లీగ్ చుట్టూ బాగా తిరుగుతుంది. కాన్సస్ సిటీ చీఫ్స్ ఆటగాడు లారీ జాన్సన్ 2006లో 416 సార్లు పరుగెత్తాడు, అది ఇప్పటికీ రికార్డు. 2007లో పాదం గాయంతో 8 మ్యాచ్‌లకే పరిమితమై 559 గజాల దగ్గర ఆగిపోయాడు. డాలస్‌లో డిమార్కో ముర్రే 2014లో 392 క్యారీలకి 1,845 గజాలు పరుగెత్తి, మరుసటేడు ఫిలడెల్ఫియాలో 702కి పడిపోయాడు. ఉదాహరణలు బలంగానే ఉన్నాయి, సూత్రం మాత్రం అంత బలమైంది కాదు. 370 క్యారీలు దాటాలంటే ఆ ఏడాది గాయం లేకుండా, లైన్ బాగుండి, అదృష్టం కలిసిరావాలి. అలాంటి ఏడాది తర్వాత వచ్చేది ఎలాగూ కొంత తక్కువగానే ఉంటుంది. హెన్రీ 2020లో 378 క్యారీలు చేసి, 2021లో పాదం ఎముక విరిగి, 2022లో మళ్లీ 1,538 గజాలు పరుగెత్తాడు. ఎమిట్ స్మిత్ 370 రెండుసార్లు దాటాడు, అయినా 15 సీజన్లు ఆడి 18,355 గజాలతో ఇప్పటికీ అందరికన్నా ముందున్నాడు.

గాయాల్లో అందరూ భయపడేది మోకాలి లిగమెంట్ ఏసీఎల్ తెగడానికి. మైదానంలోకి తిరిగి రావడానికి సుమారు తొమ్మిది నెలల నుంచి ఏడాది. తిరిగి రావడం వేరు, తిరిగి నమ్మడం వేరు. బార్క్‌లీకి 2020 సెప్టెంబర్‌లో షికాగోలో తెగింది. 2021లో వచ్చాడు, కానీ 162 క్యారీలకి 593 గజాలే, సగటు 3.7. కాలు మోపి తిప్పే క్షణంలో ఒళ్లు జంకుతుంది, ఆ జంకు చాలు సందు మూసుకుపోవడానికి. 2022లో మళ్లీ 1,312. సాధారణంగా రెండో ఏడాదికి గానీ పూర్వపు మనిషి కనపడడు. మిన్నెసోటా ఆటగాడు ఏడ్రియన్ పీటర్సన్ 2011 డిసెంబర్ 24న మోకాలు పోగొట్టుకుని, తొమ్మిది నెలలు నిండకముందే వచ్చి 2012లో 2,097 గజాలు పరుగెత్తడం అరుదైన మినహాయింపు. దాన్ని చూసి మిగతావాళ్లని కొలవడం అన్యాయం. కెరీర్‌లో క్యారీకి ఐదు గజాలకి పైగా సగటున్న క్లీవ్‌లాండ్ ఆటగాడు నిక్ చబ్ 2023లో మోకాలు గాయపడి, రెండు ఆపరేషన్ల తర్వాత 2024లో వచ్చినప్పుడు 102 క్యారీలకి 332 గజాలు మాత్రమే చేయగలిగాడు.

కాంట్రాక్టు అనే గడియారం

హైస్కూల్ పూర్తయి మూడేళ్లు గడిస్తే గానీ డ్రాఫ్ట్‌లోకి రాకూడదు. అంటే చేరేసరికి 21, 22 ఏళ్లు. అప్పటికే కాలేజీలో కొన్ని వందల దెబ్బలు తినేసి ఉంటాడు, వాటికి ఎవరూ జీతం లెక్కగట్టరు. డ్రాఫ్ట్‌లో ఎంపికైనవాడి మొదటి కాంట్రాక్టు నాలుగేళ్లు. 2011 ఒప్పందం తర్వాత ఏ స్థానంలో ఎంపికైతే ఎంత అనేది దాదాపు ముందే రాసిపెట్టి ఉంటుంది. మూడు సీజన్లు పూర్తయ్యేదాకా కొత్త ఒప్పందం గురించి మాట్లాడే వీల్లేదు. మొదటి రౌండ్‌వాడైతే ఐదో ఏడాదికీ జట్టుకే హక్కుంటుంది. ఆ తర్వాత ఫ్రాంచైజ్ ట్యాగ్. ఆ స్థానంలో పెద్ద జీతాల ఆధారంగా లెక్కగట్టిన మొత్తానికి ఒక్క ఏడాది ఆడాలి. జులై మధ్యలోగా దీర్ఘకాల ఒప్పందం కుదరకపోతే ఇక ఆ ఏడాదికి అంతే. రెండోసారి ట్యాగ్ వేస్తే 20 శాతం ఎక్కువ ఇస్తారు. నాలుగు, ఒకటి, రెండు కలిపితే ఏడేళ్లు. ఇరవై ఒకటికి చేరినవాడికి స్వేచ్ఛ వచ్చేసరికి ఇరవై ఎనిమిది.

బార్క్‌లీ లెక్కే చూడండి. 2018లో రెండో స్థానంలో ఎంపికైనందుకు నాలుగేళ్లకి సుమారు 3.12 కోట్ల డాలర్లు, ఐదో ఏడాదికి 72 లక్షలు, 2023లో ట్యాగ్ మీద సుమారు కోటి. అదే ఏడాది బంతి అందుకునే రిసీవర్ల ట్యాగ్ దీనికి దాదాపు రెట్టింపు. ముందటేడు 1,653 గజాలతో లీగ్‌లో మొదటివాడైన జోష్ జేకబ్స్‌కీ అదే ట్యాగ్, అదే మొండిచెయ్యి. ఆ జులైలో లీగ్‌లోని పేరున్న బ్యాక్‌లు జూమ్ కాల్‌లో కూడి మాట్లాడుకున్నారు. చేయగలిగింది పెద్దగా ఏమీ లేకపోయింది. నిబంధనలు ఆటగాళ్ల సంఘం సంతకం చేసినవే, ఆ సంఘంలో బ్యాక్‌లు చాలా చిన్న భాగం.

బెల్ మరో దారి తొక్కాడు. 2017లో 1.21 కోట్ల డాలర్ల ట్యాగ్ మీద బంతిని 406 సార్లు ముట్టుకున్నాడు. మళ్లీ 1.45 కోట్లకి ట్యాగ్ వేస్తే 2018 సీజన్ మొత్తం ఆడకుండా కూర్చున్నాడు. అతని స్థానంలో మూడో రౌండ్ కుర్రాడు జేమ్స్ కానర్ 13 మ్యాచ్‌లలో 973 గజాలు పరుగెత్తి, లీగ్ మేటి ఆటగాళ్ల మ్యాచ్ ప్రో బౌల్‌కి ఎంపికయ్యాడు. బెల్‌కి జెట్స్ నుంచి 5.25 కోట్ల ఒప్పందం దొరికింది గానీ, 2020 అక్టోబర్‌లోనే వదిలేశారు. వదులుకున్న ఏడాది తిరిగి రాలేదు.

జట్ల భయానికీ ఆధారముంది. రామ్స్ 2018 జులైలో టాడ్ గర్లీకి 5.75 కోట్ల పొడిగింపు ఇచ్చారు, అందులో 4.5 కోట్లు గ్యారంటీ. ఆ సీజన్ చివరికే మోకాలు మొరాయించింది. 2020 మార్చిలో, అంటే ఆ పొడిగింపు సంవత్సరాలు మొదలయ్యే వేళకే, సాగనంపారు. అట్లాంటాలో ఇంకో సీజన్ ఆడాక 26 ఏళ్లకే అతని కెరీర్ ముగిసింది. ఫ్రిస్కోలో, న్యూజెర్సీలో ఆఫీసు ఫాంటసీ లీగ్‌లు ఆడే తెలుగువాళ్లు మొదటి ఎంపికగా రన్నింగ్ బ్యాక్‌ని తీసుకోవడానికి ఎంత ఆరాటపడతారో, అసలు జట్లు అదే మనిషికి మూడో ఏడాది గ్యారంటీ రాయడానికి అంత వెనకాడతాయి. ఫాంటసీ జట్టు ఆ సీజన్‌తో రద్దవుతుంది, అసలు జట్టుకి బాకీ మిగిలిపోతుంది.

2024 మార్చిలో ఈగల్స్ బార్క్‌లీకి మూడేళ్లకి 3.775 కోట్లు రాశారు. ప్లేఆఫ్‌లతో కలిపి అతను 436 క్యారీలు చేసి 2,504 గజాలు పరుగెత్తి, ఒకే సీజన్‌లో డేవిస్ పేరున ఉన్న 2,476ని దాటాడు. తన 28వ పుట్టినరోజున సూపర్ బౌల్ గెలిచాడు. 2025 మార్చిలో మరో రెండేళ్లు, 4.12 కోట్లు, అందులో 3.6 కోట్లు గ్యారంటీ. ఏడాదికి రెండు కోట్ల సగటు దాటిన మొదటి రన్నింగ్ బ్యాక్ అతనే. 2025 సీజన్‌లో అతని అంకెలు ఆ ముందటేటి దరిదాపుల్లోకి రాలేదు. గ్యారంటీ డబ్బు ముందే రాయించుకోవడం ఎందుకంత ముఖ్యమో ఇక్కడ తెలుస్తుంది.

నిలబడినవాడు

ఫ్రాంక్ గోర్ కాలేజీలోనే రెండు మోకాళ్ల ఏసీఎల్‌లూ తెగ్గొట్టుకున్నాడు. అందుకే 2005లో మూడో రౌండ్ దాకా, 65వ స్థానం దాకా జారి శాన్ ఫ్రాన్సిస్కో 49ఎర్స్‌కి దొరికాడు. 16 సీజన్లు, 241 మ్యాచ్‌లు ఆడి సరిగ్గా 16,000 గజాల దగ్గర ఆగాడు. అతనికన్నా ముందు స్మిత్, వాల్టర్ పేటన్ ఇద్దరే. అతని 3,735 క్యారీలని ఏడాదులవారీగా విడదీస్తే అసలు విషయం బయటపడుతుంది. 300 దాటింది ఒక్క 2006లోనే, 312. మిగతా ఏళ్లలో ఎక్కువ భాగం 230, 280 మధ్య. ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు, బరువు 96 కిలోలు. చిన్న అడుగులు, నేలకి దగ్గరగా వంగిన భుజాలు, నిండు దెబ్బ తగలకుండా చివరి క్షణంలో అర అడుగు పక్కకి జరగడం. వేగం మీద బతకలేదు కాబట్టి వేగం తగ్గినా అతని ఆట పెద్దగా తగ్గలేదు. బ్లిట్జ్‌ని ఆపడంలో దిట్ట, దాంతో కోచ్‌లు ఏ డౌన్‌లోనూ అతణ్ణి బయటికి పంపాల్సిన పని ఉండేది కాదు. 2016లో ఇండియానాపొలిస్ తరఫున 33 ఏళ్ల వయసులో 1,025 గజాలు పరుగెత్తాడు. చివరి మూడేళ్లూ మయామీ, బఫలో, జెట్స్‌లో ఏడాది ఏడాదికి చిన్న ఒప్పందాల మీద, ఏటా 200 లోపు క్యారీలతో ఆడాడు. పేరున్నవాళ్లు చాలామంది ఆ స్థాయికి దిగడానికి ఇష్టపడరు. అతను ఇష్టపడ్డాడు.

పేర్లు తెలియనివాళ్లే ఎక్కువ. 53 మంది జట్టులో బ్యాక్‌లు ముగ్గురో నలుగురో. మూడోవాడికి నెలకి పది క్యారీలు కూడా రాకపోవచ్చు. అతని ఉద్యోగం కిక్‌ఆఫ్‌లకి ఎదురు పరుగెత్తి టాకిల్ చేయడం మీద, నాలుగో డౌన్‌లో బంతిని తన్నే పంట్‌ని కాపాడడం మీద నిలుస్తుంది. అందుకే ఆగస్టు శిక్షణ శిబిరంలో డ్రాఫ్ట్ కాని కుర్రాడికి తెలిసినవాళ్లు ముందు చెప్పేది ఇలాంటి తన్నే ఆటల్లో దిగే ప్రత్యేక జట్ల మీటింగ్‌లో ముందు వరసలో కూర్చోమని. 2024లో కొత్తవాడి కనీస జీతం 7 లక్షల 95 వేల డాలర్లు, కానీ అది జట్టులో ఉన్న వారాలకే. పెన్షన్‌కి మూడు సీజన్లు లెక్కలోకి రావాలి. ఒక సీజన్ లెక్కలోకి రావాలంటే కనీసం మూడు మ్యాచ్‌లకి జట్టు జాబితాలో ఉండాలి. ఆటగాళ్ల సంఘం మాటల్లో తరచూ వినిపించే రన్నింగ్ బ్యాక్ సగటు కెరీర్ రెండున్నరేళ్లకి కాస్త ఎక్కువ. అందుకే రెండు సీజన్లు ముగించిన మూడో బ్యాక్‌కి ఆ మూడో ఏడాది సెప్టెంబర్‌లో దొరికే మూడు వారాలు, ఆ తర్వాత చేసే వంద క్యారీలకన్నా ఎక్కువ విలువైనవి.